పాతరలో పాతనీరు

"క్యాష్ అంతా క్లియర్ చేసెయ్యమంటారా అమ్మా?" అని ఖమ్మంలో ఫోన్లు బాగుచేసే కుర్రవాడు అడిగేసరికి, మా వదిన వాడి చేతిలోంచి ఫోను లాక్కున్నంత పని చేసింది. పెన్షను పడి అప్పటికి రెండు రోజులైనా కాలేదు. "నా క్యాష్ జోలికి నువ్వెందుకు పోతావయ్యా? ఫోను నెమ్మదిగా నడుస్తోందని తెచ్చాను గాని, బ్యాంకు ఖాతా చూడమని తేలేదు" అన్నది. ఆ కుర్రవాడు నవ్వు ఆపుకుంటూ, అది డబ్బు కాదనీ, ఫోను తనలో తాను దాచుకున్న పాత సామాననీ చెప్పబోయాడు. ఆవిడ వింటేనా? రిక్షా మాట్లాడుకుని తిన్నగా ఇంటికి వచ్చేసి, "డబ్బు కానిదాన్ని క్యాష్ అనడమేమిటి, విడ్డూరం కాకపోతే!" అని నన్ను నిలదీసింది, అదేదో నేను పెట్టిన పేరయినట్టు.

ఆవిడ అడిగినదానిలో న్యాయం లేకపోలేదు. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకూ స్పెల్లింగు వేరు గాని పలకడం ఒక్కటే. మన లిపిలో రాస్తే ఆ కాస్త తేడా కూడా మిగలదు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయిన రోజులలో ఏటీఎంల తలుపులకు వేలాడిన 'నో క్యాష్' అట్టముక్కలు మనలో ఎవరూ మరిచిపోలేదు. అటువంటి దేశంలో క్యాష్ తుడిచేస్తానంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? అందుచేత ఇక్కడ డబ్బును డబ్బు అనే అంటాను. ఫోను దాచుకునే సామానును కాష్ అంటాను. వీలయినచోట మన మాట వాడతాను. మనకు ఉన్నది, వెతుక్కోనక్కరలేదు.

కాష్ అన్నది పుట్టుకతో ఫ్రెంచి మాట. దాచడం అని అర్థం. కెనడా అడవులలో బొచ్చుతోళ్ళ కోసం తిరిగే వేటగాళ్ళు తిండిగింజలూ, మందుగుండూ వెంట మోయలేక దారిలో గుంటలు తీసి పూడ్చి, తిరుగుదారిలో తీసుకునేవారు. ఆ గుంటలకు ఆ పేరు. కంప్యూటర్ల వాళ్ళ చేతికి అది చాలా ఆలస్యంగా వచ్చింది. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ అనే ఆచార్యుడు 1965లో, పెద్ద జ్ఞాపకశాల నుంచి మాటిమాటికీ తెచ్చుకునే సరుకును చిన్న జ్ఞాపకపు గదిలో దగ్గరగా పెట్టుకునే ఉపాయాన్ని వివరిస్తూ, దానికి 'బానిస జ్ఞాపకం' అని పేరు పెట్టాడు. ఆ పేరు నిలవలేదు, మంచిదే అయింది. 1968లో ఐ.బి.ఎం. వారు తమ సిస్టమ్ 360 యంత్రాలలో 85వ నమూనాను గురించి ప్రకటించిన వ్యాసాలలో కాష్ అనే మాట అచ్చులోకి ఎక్కింది. వేటగాళ్ళ గుంట అలా విద్యుత్తు యంత్రంలోకి వచ్చి కూర్చుంది.

మన జొన్నచేల ఊళ్ళలో ఆ గుంటనే పాతర అన్నారు. పండిన జొన్నలు నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, పోసి, పైన మట్టి కప్పేవారు. కరువు వస్తే అదే దిక్కు. అయితే పాతర మూత తీయగానే ఎవరూ లోపలికి దిగేవారు కారు. ముందు కొంతసేపు గాలి తగలనిచ్చి, దీపం దించి చూసేవారు. దీపం కొండెక్కితే లోపలి గాలి మంచిది కాదని గుర్తు. భద్రాచలం చుట్టుపట్ల కోయగూడేలలో నేటికీ ఎండలు ముదిరేవేళకు ఇప్పపువ్వు ఏరి, ఎండబోసి, వానాకాలానికి దాచుకుంటారు. అడవి అంచున కాపురముండేవాళ్ళకు దాచుకోవడమన్నది ఎవరూ నేర్పనక్కరలేదు.

ఫోనులో మనం ఇంటర్నెట్టు చూసే కిటికీని బ్రౌజరు అంటారు. ఆ బ్రౌజరు చేసే పని కూడా ఇదే. ఒక పేజీ తెరిచామంటే అది ఒక్క కాగితం కాదు. నలభై యాభై ముక్కల అతుకుల బొంత. అక్షరాల రూపాలొక ముక్క, రంగులూ గీతలూ ఒక ముక్క, ప్రతి బొమ్మా ఒక ముక్క. భద్రాచలం గుడి గోపురం బొమ్మ ఉన్న పేజీని మొదటిసారి తెరిచినప్పుడు ఆ ముక్కలన్నీ ఎక్కడో దూరాన ఉన్న యంత్రం నుంచి రావలసిందే. దాన్ని సర్వరు అంటారు; వడ్డించేది అని అర్థం. వచ్చిన ముక్కలను బ్రౌజరు పారెయ్యదు. పాతరలో వేసుకుంటుంది. రేపు మళ్ళీ ఆ పేజీకే వెళితే, "గోపురం నా దగ్గర ఉంది, కొత్త కబురేదో అది చాలు" అంటుంది. మన వంటింట్లో పోపులపెట్టె లాంటిది. పోపు వేసిన ప్రతిసారీ ఆవాల కోసం కొట్టుకు పరుగెత్తము గదా!

పట్నాలలో ఉన్నవాళ్ళకు దీని విలువ అంతగా తెలియదు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల బస్సెక్కి చూడండి. అడవి చిక్కబడిన కొద్దీ ఫోను నెత్తిన ఉండే గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. మా మేనల్లుడు ఆ దిక్కున ఒక బడిలో ఉపాధ్యాయుడు. పిల్లలకు చూపించవలసిన పాఠం బొమ్మలు ఆ ఊళ్ళో కొత్తగా తెరుచుకోవాలంటే పాఠం గంట కాస్తా అయిపోతుంది. ముందే ఒకసారి చూసి ఉంటే చటుక్కున తెరమీదికి వస్తాయి. దూరపు సర్వరుతో పని తగ్గించి, రీచార్జి డబ్బులు మిగిల్చి, తెలుగు అక్షరాలను ఒత్తులతో సహా క్షణంలో నిలబెట్టేది ఈ పాతరే. దానిని తిట్టేవాళ్ళు ముందు దానికొక నమస్కారం పెట్టి తిట్టాలి.

ఇక పాతరలో వేసిన సరుకు ఎంతకాలం మంచిది? ఇక్కడ ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. సర్వరు తాను పంపే ప్రతి ముక్కకూ ఒక చీటీ కట్టి పంపవచ్చు. మందుసీసా మీద గడువు తేదీ వేసినట్టే. ఆ చీటీలో గడువు సెకన్లలో రాస్తారు. 3,600 అని ఉంటే గంట. 86,400 అని ఉంటే ఒక రోజు. గోపురం బొమ్మకు ఏడాది గడువు పెట్టినా నష్టం లేదు, గోపురం ఎక్కడికీ పోదు. ఆ గడువు లోపల బ్రౌజరు ఎవరినీ అడగదు, పాతరలోది తీసి చూపిస్తుంది. గడువు దాటితే సర్వరుకు ఒక చిన్న కబురు పంపుతుంది: "నా దగ్గరున్నది ఫలానాది, మారిందా?" అని. మారకపోతే సర్వరు 304 అనే అంకె ఒక్కటి జవాబుగా పంపుతుంది. 'మారలేదు, ఉన్నదే వాడుకో' అని దాని భావం. మారితేనే కొత్తది పంపుతుంది. ఎంత పొదుపో చూడండి!

చీటీయే లేకుండా వస్తేనో? అప్పుడు బ్రౌజరు మన పెద్దవాళ్ళలాగే ఊహ మీద నడుస్తుంది. ఈ వస్తువు చివరిసారి ఎప్పుడు మారిందో చూసి, అప్పటినుంచి గడిచిన కాలంలో పదోవంతు దాకా నమ్మవచ్చునని లెక్క వేస్తుంది. పది రోజులుగా మారనిది మరొక రోజు మారదులే అని. వంద రోజులుగా మారనిది ఇంకో పది రోజులు. నెమ్మదస్తుడైన మనిషి విషయంలో ఈ లెక్క బాగానే ఉంటుంది గాని, నది విషయంలో ఉండదు.

ఈ విద్యలో పేర్లు పెట్టడం మాత్రం బొత్తిగా చేతకాదని నా అభిప్రాయం. చీటీ మీద 'నో-కాష్' అని రాస్తే దాచుకోవద్దని గాబోలు అనుకుంటాము. కాదు. దాచుకో గాని అడగకుండా వడ్డించకు అని దాని అర్థమట. నిజంగా దాచుకోవద్దని చెప్పాలంటే 'నో-స్టోర్' అని రాయాలట. మా వదిన వింటే మళ్ళీ రిక్షా ఎక్కుతుంది.

ఇప్పుడు నది సంగతికి వస్తాను. భద్రాచలం దగ్గర గోదావరికి మూడు అంకెలున్నాయి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. అక్కడ పుట్టిన పిల్లలకు ఎక్కాలతోపాటు ఇవి కూడా నోటికి వస్తాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. అంతకు మించి లెక్కలలో లేదు. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. ఊరు గోదావరికి ఎడమ ఒడ్డున ఉంది. కుడి ఒడ్డున సారపాక, అటునుంచి పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం. అప్పటికి నడుమ ఉన్నదల్లా 1965లో తెరిచిన వంతెన. నీరు పెరిగితే ఆ వంతెన మీద రాకపోకలు ఆపేస్తారు. 2022లో అలాగే ఆపేశారు. కనుక అక్కడివాళ్ళకు 'ఎంత నీరు' అన్నదానికంటె 'ఎప్పటికి ఎంత' అన్నది ముఖ్యం. బయలుదేరవలసినవాళ్ళు వంతెన ఆగకముందే బయలుదేరాలి.

ఆ జూలై రెండోవారంలో మా అక్కయ్యా, బావగారూ భద్రాచలంలోనే ఉన్నారు. ఇల్లు పల్లపు వీధిలో. ఇంట్లో అక్కయ్య అత్తగారు, ఎనభై దాటిన మనిషి, మంచం దిగాలంటే ఇద్దరు పట్టాలి. వానలకు బడులకు సెలవులివ్వడంతో మేనల్లుడు ఏదో పని మీద ఖమ్మం వచ్చి మా వదిన ఇంట్లో చిక్కుబడిపోయాడు. నేనూ అక్కడే ఉన్నాను. భద్రాచలంలో కరెంటు పోయింది. నెట్టు ఆడడంలేదు. మామూలు ఫోను మటుకు అప్పుడప్పుడు కలుస్తోంది. బావగారు అరగంటకొకసారి ఫోన్ చేసి, "అంకె ఎంత?" అని అడగడం, మా వదిన తన ఫోనులో చూసి చెప్పడం. నీటిమట్టాలు చూపే పేజీ ఒకటి ఆవిడ ముందురోజే తెరిచి పెట్టుకున్నది.

ఆ మధ్యాహ్నం నుంచీ ఆవిడ చెబుతున్న అంకె కదలలేదు. రెండో హెచ్చరికకూ మూడోదానికీ నడుమ నిలిచిపోయింది. "నిలకడగా ఉంది బావగారూ, భయంలేదు" అని ఆవిడ అంటే, బావగారు, "అయితే అమ్మను ఈ వానలో కదపడమెందుకు, రేపు పొద్దున చూద్దాం" అంటున్నారు. ఇంతలో టీవీలో కింద పరుగెత్తే అక్షరాలలో మూడో హెచ్చరిక దాటిందని వచ్చింది. మా వదిన నమ్మలేదు. "టీవీ వాళ్ళకు చిటికెడంత చాలు, చాటంత చేస్తారు. ఇది చూడు, ఇవాళ్టి తారీఖుతో సహా ఉంది" అని ఫోను చూపించింది. నిజమే. పేజీ నెత్తిన ఆ రోజు తారీఖు స్పష్టంగా ఉంది.

మేనల్లుడు ఫోను తీసుకుని వేళ్ళతో ఆ పటాన్ని పెద్దది చేశాడు. నీటిమట్టాల పట్టిక అంతా ఒక బొమ్మగా ఉంది. ఆ బొమ్మ మూలన ఆవగింజంత అక్షరాలలో ముందురోజు సాయంత్రపు వేళ వేసి ఉంది. "అత్తయ్యా, పైన తారీఖు మీ ఫోను గడియారం చూసి వేసుకున్నది. అంకె నిన్నటిది" అన్నాడు. అంటే ఏమి జరిగిందన్నమాట? పట్టిక బొమ్మను తయారుచేసేవాళ్ళు పూటపూటకూ కొత్తది వేస్తున్నారు గాని, పేరు పాతదే ఉంచుతున్నారు. దానికి కట్టిన చీటీలో గడువు ఒక రోజు కాబోలు. ఆ పేరుగల బొమ్మ తన పాతరలో ఉన్నది గదా అని బ్రౌజరు దాన్నే తీసి చూపిస్తోంది. తెరను కిందికి లాగి వదిలితే పేజీ మళ్ళీ వస్తుంది. మా వదిన అలా పదిసార్లు లాగింది కూడా. కాని అలా లాగినప్పుడు బ్రౌజరు పేజీనే కొత్తగా అడుగుతుంది తప్ప, గడువు తీరని బొమ్మలను తరచు అడగదు. కొత్త పేజీలో పాత బొమ్మ. కొత్త సీసాలో పాత మందు.

వాడు అక్కడికక్కడే కాష్ తుడిచి, పేజీ మళ్ళీ తెరిచాడు. అంకె మూడో హెచ్చరిక దాటి ఉంది. బావగారికి చెబితే, "ఇందాక నిలకడ అన్నారు గదా!" అని ఒక్క క్షణం మాట్లాడలేదు. తరవాత ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రికే పక్కింటివాళ్ళ కారులో పెద్దావిడను వంతెన దాటించి పాల్వంచలో చుట్టాల ఇంటికి చేర్చారు. రెండురోజులకు ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. బియ్యపుడబ్బా, పరుపులు, అక్కయ్య పెళ్ళినాటి బీరువా పోయాయి. మనుషులు పోలేదు.

1986లో ఆ ఊళ్ళో ఎవరి జేబులోనూ ఫోను లేదు. కబురు ఆలస్యంగానే వచ్చేది. కాని దాని వయసు దాని ఒంటిమీద ఉండేది. కార్డు మీద తపాలా ముద్ర ఉండేది. నిన్నటి పత్రిక మీద నిన్నటి తేదీ ఉండేది, పైగా నలిగి ఉండేది. మనిషి వచ్చి చెబితే ఎప్పుడు బయలుదేరావని అడిగేవాళ్ళం. ఫోను తెరకు నలగడం లేదు. నిన్నటి అంకెకూ ఈ క్షణపు అంకెకూ ఒకటే మెరుపు. అందుకని నేను అనేదేమంటే, తప్పు మా వదినది కాదు. నీటిమట్టం వంటివి చూపించేవాళ్ళు అంకె పక్కనే అంకె అంత పెద్దగా గంటా నిమిషమూ వేయాలి, గడువు చీటీ అయిదు నిమిషాలకు మించి కట్టకూడదు. గోపురానికీ గోదావరికీ ఒకే చీటీ కట్టడం వడ్డించేవాడి అజాగ్రత్త గాని తినేవాడిది కాదు.

అయినా తినేవాడికి కూడా కొంత తెలియాలి. కనుక తుడిచే పద్ధతి చెబుతాను. ఆండ్రాయిడు ఫోనులో క్రోమ్ బ్రౌజరు తెరిచి, పైన మూలనున్న మూడు చుక్కలను నొక్కితే ఒక పట్టీ వస్తుంది. అందులో బ్రౌజింగు డేటాను తొలగించడమనే మాట ఉంటుంది. దాన్ని నొక్కి, వివరాలలోకి వెళితే నాలుగైదు గళ్ళు కనిపిస్తాయి. మన పనికి 'కాష్ చేసిన బొమ్మలూ ఫైళ్ళూ' అన్న గడిలో ఒక్కదానిలో టిక్కు ఉంచి, తక్కినవాటిలో తీసేయాలి. పైన ఎంతకాలానివి అని కూడా అడుగుతుంది. మొదట గంట అని ఉంటే, నిన్నటి బొమ్మ పోదు. దాన్ని తగినట్టు మార్చుకోవాలి. ఫోనును బట్టి మాటలు కాస్త అటూ ఇటూ అవుతాయి, దారి మాత్రం ఇదే. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకు ఇంత శ్రమ కూడా లేదు. కంట్రోల్ మీటతో పాటు ఎఫ్5 మీట నొక్కితే, ఆ ఒక్క పేజీ వరకు పాతర జోలికి పోకుండా అన్నీ కొత్తగా తెమ్మని అర్థం.

'బొమ్మలు' అనగానే చాలామంది ఆడవాళ్ళు ఆగిపోతారు. మనవల ఫోటోలు పోతాయని. పోవు. అవి ఫోనులో వేరే అరలో ఉంటాయి. పోయేవి ఇంటర్నెట్టు పేజీలలో చూసిన బొమ్మల నకళ్ళు మాత్రమే. అసళ్ళు సర్వరు దగ్గర క్షేమంగానే ఉంటాయి. డబ్బు సంగతి ఇంతకుముందే చెప్పాను.

కుక్కీలనే గడి మటుకు వేరు. మీరు ఫలానావారని ఆ పేజీ గుర్తుపట్టడానికి మీ చేతిలో పెట్టిన టోకెను అది. దాన్ని తుడిస్తే శ్రీరామనవమి కల్యాణానికి టిక్కెట్లు తీసుకునే పేజీ కూడా మిమ్మల్ని కొత్త మనిషిని చూసినట్టు చూసి మళ్ళీ పేరూ, సంకేతపదమూ అడుగుతుంది. సంకేతపదాల గడి తుడిస్తే అవి గుర్తుపెట్టుకునే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. ఇంకొకటి ఉంది, అది మరీ జాగ్రత్త. ఫోను సెట్టింగులలో ఒక్కొక్క యాప్‌కూ నిలువ అనే చోట రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి. కాష్ తుడవడం ఒకటి, డేటా మొత్తం తుడవడం ఒకటి. మొదటిది పోపులపెట్టె దులపడం. రెండోది ఇల్లు ఖాళీ చెయ్యడం. వాట్సాప్ మీద ఆ రెండోది నొక్కితే, నకలు ఎక్కడా దాచి ఉంచకపోతే, సంభాషణలన్నీ పోయినట్టే.

ఫారాలు నింపేటప్పుడు బ్రౌజరు మన చిరునామా తానే రాసిపెడుతుంది. అది కూడా కాష్ కాదు, మరొక అర. భద్రాచలంలో మా అక్కయ్య ఫోను ఈనాటికీ జిల్లా అన్నచోట ఖమ్మం అని రాస్తుంది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడ్డదన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. ఊరిని ఆనుకునే ఉన్న ఏటపాక 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. అక్కడి చుట్టాల చిరునామాలు ఆ ఫోనులో ఎన్ని రకాలుగా ఉన్నాయో భగవంతుడికి ఎరుక. ఎన్నిసార్లు కాష్ తుడిచినా ఇవి మారవు. చిరునామాల అరలోకి వెళ్ళి చేత్తో దిద్దవలసిందే.

తుడిచినా పాతదే కనిపిస్తే? అదీ ఉంది. సర్వరుకూ మనకూ నడుమ దారిలో కూడా పాతరలుంటాయి. ఒకే పేజీని వేలమంది అడుగుతుంటే భారం పడకుండా, దేశంలో అక్కడక్కడ నకళ్ళు పెట్టి పంచుతారు. వాటిని తుడవడం మన చేతిలో లేదు. అప్పుడు చెయ్యవలసినదల్లా అంకె పక్కన గంట వెతకడం. గంట లేకపోతే కేంద్ర జలసంఘం ప్రకటననో, కంట్రోలు రూమునో అడగడం.

ఇంత విన్నాక రోజూ నిద్రలేవగానే కాష్ తుడిచేవాళ్ళు కూడా తయారయ్యారు. మా వీధిలోనే ఒకాయన ఉన్నాడు. పళ్ళు తోముకోవడం, కాష్ తోముకోవడం ఆయనకు ఒకటే. పాపం, ఫోను తేలికపడుతుందని ఆయన నమ్మకం. నిజానికి ఆ తరవాత తెరిచే ప్రతి పేజీకీ గోపురాలూ, అక్షరాలూ మళ్ళీ మొదటినుంచీ రావాలి. డేటా ఖర్చు, ఆలస్యం. ఫోనులో చోటు చాలనప్పుడు, పేజీ సగం సగం వచ్చి వికారంగా కనబడినప్పుడు, పాత అంకె అనుమానం వచ్చినప్పుడు తుడిస్తే చాలు. పాతర నిండితే చాలాకాలంగా ముట్టని సరుకును బ్రౌజరు తానే తీసి పారేస్తుంది.

నెట్టు సెంటర్లలో, నలుగురు కూర్చునే కంప్యూటర్ల దగ్గర మటుకు నేను పిసినారితనం చూపించను. పిల్లవాడి మార్కుల జాబితా చూసుకున్నా, బ్యాంకు పేజీ తెరిచినా, లేచేముందు లాగౌటయి, అన్ని గళ్ళలోనూ టిక్కు పెట్టి అంతా తుడిచి లేస్తాను. పరాయి ఇంటి పాతరలో మన గింజలు వదిలిరావడమెందుకు?

అన్నిటికంటె మేనల్లుడు చెప్పిన మాట ఒకటి అడవి అంచున ఉండేవాళ్ళకు బాగా పనికివస్తుంది. సిగ్నలు లేనిచోట కాష్ తుడవకూడదు. ఆనాడు భద్రాచలంలో బావగారు తన ఫోనులో ఆ పని చేసి ఉంటే, ఉన్న పాత అంకె పోయి, కొత్తది రాక, తెల్లతెర మిగిలేది. పాత అంకె అయినా, దాని గంట తెలిస్తే కొంత ఉపయోగమే. అప్పటినుంచి ఎంత పెరిగి ఉంటుందో లెక్క కట్టవచ్చు. వాడు సోమవారం పొద్దున చర్ల బస్సెక్కేముందు భద్రాచలం బస్టాండులో నిలబడి, వారం పాఠాల బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరిచి పెట్టుకుంటాడు. వానాకాలమైతే నీటిమట్టాల పేజీ కూడా. కావలసిన పేజీని క్రోమ్‌లో డౌన్‌లోడు చేసుకునే వీలుంది, అది కాష్ తుడిచినా పోదు. దాని పేరు చివర తీసుకున్న గంట రాసుకుంటాడు. శనివారం సాయంత్రం తిరిగివచ్చి, సిగ్నలు గీతలు నిండుగా కనబడ్డాక, టీ తాగుతూ ఆ వారం సరుకు తుడిచేస్తాడట.